బాడీ ఒకరిది... ఛాసీ ఒకరిది!

సినిమా బండి గురించి ఎవరు మాట్లాడినా పైపై సంగతులే మాట్లాడతారు. రంగేమిటి, టైర్లు ఎంత లావు, హీరోగారు తలుపు తీసుకుని దిగారా, టాపు మీంచి దూకారా... ఇంతే! కింద ఉన్న ఛాసీ సంగతేమిటండీ అని అడిగిన అభిమాని నాకు ఇంతవరకు తగల్లేదు. ఆ ఛాసీది అచ్చం మన ఫైటింగు డూపుల బతుకు. దెబ్బలన్నీ అది తింటుంది. పోస్టరు మీద బొమ్మ మాత్రం బాడీది!

ఈ వారం కబుర్లు ఆ డూపు గురించి. సినిమా పత్రికలో మెకానిక్కు షెడ్డు గోలేమిటయ్యా అని పేజీ తిప్పెయ్యకండి. గోదావరి ఒడ్డున సినిమాని నమ్ముకుని బతికేవాళ్ళు మద్రాసు రోజుల్నుంచీ ఉన్నారు. పడవలవాళ్ళు, భోజనాలవాళ్ళు, మండువా లోగిళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు, లొకేషన్లు చూపించేవాళ్ళు... కుమారదేవంలో ఆ పెద్ద నిద్రగన్నేరు చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయిందని తెలిసినప్పుడు ఇంటిమనిషి పోయినట్టు బాధపడింది ఈ జట్టే. ఈ జట్టులో చేరదామని కోనసీమ కుర్రాడొకడు ఒక పథకం వేశాడు. చిన్న పికప్ బాడీని ఎత్తి పెద్ద ఫోర్‌వీల్ జీపు ఛాసీ మీద కూర్చోబెడతాడట! ఆ పథకం ధర్మమా అని వాళ్ళ నాన్నగారి కొబ్బరితోట కాగితాలు బ్యాంకుకి బయల్దేరబోయాయి. అందుకే ఈ గోల.

కుర్రాడి దగ్గరికి తర్వాత వద్దాం. అసలు ఇలాంటి ఆలోచన ఎక్కణ్ణుంచి పుడుతుంది? ఇంకెక్కడ, సినిమాలోంచే!

* * *

1982లో శ్రీ ఎన్.టి.రామారావుగారు పార్టీ పెట్టి రాష్ట్రం తిరగడానికి బయల్దేరినప్పుడు ఆయన ఎక్కింది పాత షెవర్లె వాను. దాన్ని ప్రచారానికి తగినట్టు మార్పించి చైతన్యరథం అన్నారు. నడిపింది కుమారుడు శ్రీ హరికృష్ణ. నేనప్పటికి పుట్టలేదు గానీ, మా వైపు పెద్దవాళ్ళు ఆ రథం గురించి నిన్న జరిగినట్టే చెబుతారు. టాపు మీద నిలబడి ఆయన ఏం మాట్లాడారో, ఎవరు హారతి పట్టారో, అన్నీ! కింద ఆ వాను అంత బరువునీ, అప్పటి రోడ్లనీ ఎలా భరించిందో మాత్రం ఒక్కరూ చెప్పరు. నాకు ఆసక్తి ఆ మాట మీదే.

మొన్నమొన్నటి సంగతికొస్తే, 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ'లో ప్రభాస్ నడిపిన బుజ్జి ఉంది. హీరోగారి కుటుంబం మొగల్తూరుది కాబట్టి మా పశ్చిమగోదావరిలో ఆ బండి మీద మోజు ఒక పిసరు ఎక్కువే. దర్శకుడు శ్రీ నాగ్ అశ్విన్ దాన్ని గ్రాఫిక్సుతో సరిపెట్టుకోవచ్చు. కాని నిజంగా నడిచే బండి కావాలని 2022లో శ్రీ ఆనంద్ మహీంద్రాని నలుగురూ చూస్తుండగానే సాయం అడిగారు. మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ వాళ్ళు కలిసి తయారుచేసి పెట్టారు. ముందు రెండు మహా చక్రాలు, వెనక గుండ్రటిది ఒక్కటే, బరువు దాదాపు 6 టన్నులు, నడిచేది కరెంటుతో. గమనించారా? అక్కడ ఒక బండి బాడీ తెచ్చి ఇంకో బండి మీద పెట్టలేదు. ఆ ఆకారానికి తగిన ఎముకల గూడు మొదట్నుంచీ కట్టారు. అందుకు ఇంజనీర్ల దండే కావాల్సొచ్చింది.

ఇంగ్లీషు సినిమాల్లో ఈ పిచ్చి ఇంకా ముదిరింది. 2015లో వచ్చిన 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్'లో ప్రతినాయకుడి బండి చూశారా? 1959 నాటి క్యాడిలాక్ కార్లు రెండు తెచ్చి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి, కింద లారీలాంటి చక్రాలు పెట్టారు. పైకారు కిందికారు భుజాలెక్కినట్టు ఉంటుంది. ఇంజన్లూ రెండే! అంతకు ముందు, 1970ల్లో, అమెరికాలో సెయింట్ లూయిస్ అనే ఊళ్ళో బాబ్ చాండ్లర్ అనే ఆయన తన 1974 మోడల్ ఫోర్డ్ పికప్‌ని పెంచుకుంటూ పోయి 'బిగ్‌ఫుట్' అని పేరు పెట్టాడు. అది 1981లో ఒక సినిమాలో వేషం కూడా కట్టింది. అక్కణ్ణుంచి ప్రపంచంలో ఉన్న కుర్రాళ్ళందరికీ బండి అంటే ఎత్తుగా ఉండాలి, నిచ్చెనేసుకుని ఎక్కాలి అనే జబ్బు పట్టుకుంది.

అన్నట్టు మన ఫ్యాక్షను సినిమాల్లో గాల్లోకి లేచిన టాటా సుమోలు మర్చిపోతే పాపం తగుల్తుంది. సుమోలు లేపడంలో పేరుమోసిన శ్రీ వి.వి.వినాయక్‌ది మా చాగల్లే! ఆ సుమో జాతకం తెలుసా? టాటావాళ్ళు 1988లో టాటామొబైల్ అనే పికప్ తెచ్చారు. దాని కింద ఉన్న ఛాసీ ఏర్పాటునే ఆధారం చేసుకుని 1991లో సియెర్రా, 1992లో ఎస్టేట్, 1994లో సుమో దింపారు. అంటే సుమో అనేది పికప్ ఎముకల మీద కూర్చున్న జీపన్నమాట. తెర మీద కత్తులతో దిగిన మహావీరులంతా దిగింది సరుకుల బండి లోంచే! మన కోనసీమ కుర్రాడు చేద్దామన్నది సరిగ్గా దీనికి తిరగేసిన పని. జీపు ఎముకల మీద పికప్ చర్మం. టాటావాళ్ళు ఫ్యాక్టరీలో, అచ్చులతో, పరీక్షలతో చేశారు. ఇతను రాజమండ్రిలో మేస్త్రీతో, గ్యాస్ కటింగుతో చేద్దామంటున్నాడు. తేడా అక్కడుంది.

* * *

ఇక కుర్రాడు. పేరు చెప్పను, పెళ్ళి కావలసినవాడు! వాళ్ళకి ఒక పాత టాటా ఏస్ ఉంది. అంబాజీపేట మార్కెట్టుకి కొబ్బరికాయలు తోలీ తోలీ ఇంజను చచ్చిపోయింది. బాడీ మాత్రం నిలబడింది. ఇంకోపక్క ఒక పెద్ద జీపు, ఫోర్‌వీల్ బొలెరో, బాడీ తుప్పు తినేసి ఛాసీ, ఇంజను, హౌసింగులు బాగున్నది, చవగ్గా వస్తుందని ఎవరో చెప్పారు. కుర్రాడి బుర్రలో బల్బు వెలిగింది.

"అన్నగారూ, షూటింగోళ్ళు కెమెరా బండి కావాలంటే హైదరాబాదు నుంచి తెచ్చుకుంటన్నారండీ. ఆ బండి లంకలో ఇసకలో దిగడితే ట్రాక్టరెట్టి లాగాల్సొస్తందండీ. మారేడుమిల్లి కొండల్లో అయితే చెప్పక్కర్లేదండాయ్. మనకే ఒకటుందనుకోండి... రోజుకింతని అద్దె. పైగా హీరో ఎంట్రీకి కూడా పనికొస్తది. ఎత్తుగా ఉంటది కదండీ!"

మాటలో నిజం లేకపోలేదు. 'పుష్ప' యూనిట్ మారేడుమిల్లి అడవుల్లో మకాం పెట్టిన నాటి నుంచి ఏజెన్సీ వైపు షూటింగుల మీద అందరి కళ్ళూ పడ్డాయి. డెల్టాలోనేమో రేగడినేల. వాన పడిందంటే కాలవగట్టు మీద మామూలు బండి సబ్బు మీద చీమలా జారుతుంది. నాలుగు చక్రాలూ తిరిగే బండి ఉంటే బతుకు తేలికే. కుర్రాడి ఆశని నేను తప్పుపట్టను. ఆశ సరే, అంగుళాల సంగతేమిటని మాత్రం అడిగాను.

ఎంచేతంటే ఈ పని పుట్టిల్లు అమెరికా. అక్కడ ఎందుకు కుదిరిందో చూస్తే ఇక్కడ ఎందుకు కుదరదో తెలుస్తుంది. షెవర్లెవాళ్ళదే 'బ్లేజర్' అని పెద్ద ఫోర్‌వీల్ బండి ఒకటుండేది. 1973 నుంచి 1991 దాకా ఆ తరం నడిచింది. పెద్ద పికప్ ఛాసీని పొట్టిచేసి కట్టిన బండి అది. ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమకి, అంటే వీల్‌బేస్, 106.5 అంగుళాలు. అదే కంపెనీ 1982 మోడల్‌గా 'ఎస్-10' అనే చిన్న పికప్ తెచ్చింది. అందులో పొట్టి రకానికి వీల్‌బేస్ 108.3 అంగుళాలు. తేడా ఎంత? 1.8 అంగుళాలు! రెండు వేళ్ళ వెడల్పు కూడా నిండా లేదు. రెండిటికీ ఇంజను ముందే, బానెట్టు కిందే. అంచేత చిన్నదాని బాడీ పెద్దదాని మీద పెడితే మడ్‌గార్డు నోట్లో చక్రం సుమారుగా సరైన చోటే కూర్చుంటుంది. ఆ మీదట చేతిలో పని ఉన్నవాడు మిగతాది సర్దుకోవచ్చు.

వాళ్ళెందుకు చేస్తారంటే, ఎత్తు కోసమొక్కటే కాదు. చిన్న పికప్‌కి ముందు హౌసింగు బలం చాలదు. పెద్ద టైర్లు వేస్తే విరుగుతుంది. పెద్దబండి ఛాసీతోపాటు లావుపాటి హౌసింగులు, ముందు వెనక కమాన్ కట్టలు, పెద్ద బ్రేకులు, ట్రాన్స్‌ఫర్ గేరుబాక్సు అన్నీ ఒక కుటుంబంగా వస్తాయి. ఒకదానికోసం ఒకటి పుట్టినవి. పైన బాడీ తేలిక. ఇదీ అందులో ఉన్న తెలివి.

ఇప్పుడు మన జంట చూడండి. టాటా ఏస్ 2005లో వచ్చింది. వీల్‌బేస్ 2100 మిల్లీమీటర్లు. బొలెరోది 2680. తేడా 580 మిల్లీమీటర్లు, అంటే అంగుళాల్లో 23కి కాస్త తక్కువ. అమెరికావాడికి రెండు వేళ్ళు, మనకి మూర దాటింది! సరే, ఏస్‌కి క్యాబిన్ వేరు, తొట్టి వేరు కాబట్టి రెండిటికీ మధ్య ఎడం వదిలి, ఆ ఖాళీలో స్టెప్నీ టైరో డీజిలు ట్యాంకో పెట్టి కప్పెయ్యొచ్చనుకుందాం. కాని ఏస్‌కి ఇంజను ఎక్కడుంటుంది? సీటు కింద. రెండు సిలిండర్ల చిన్న ఇంజను, మొదట వచ్చినవాటికి 702 సీసీ, 16 గుర్రాల బలం. బొలెరోకి ఇంజను ముందు, పొడుగాటి బానెట్టు కింద. ముక్కు లేని మొహాన్ని తెచ్చి ముక్కున్న ఛాసీ మీద పెడితే ఇంజను వచ్చి డ్రైవరు ఒళ్ళో కూర్చుంటుంది!

నేను నోటితో చెబితే కుర్రాడు నమ్మలేదు. రాజమండ్రిలో నాకు తెలిసిన ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడ మేస్త్రీకి అరవై దాటాయి. లారీ బాడీలు, ట్రాక్టరు ట్రక్కులు కట్టి కట్టి జుట్టు నెరిసినవాడు. మాట్లాడలేదు. సుద్దముక్క తీసుకుని సిమెంటు గచ్చు మీద బొలెరో ఛాసీ కొలత గీశాడు. దానిమీదే ఏస్ కొలత గీశాడు. నాలుగు చోట్ల చక్రాలకి సున్నాలు చుట్టాడు. ఇంజను ఉండేచోట అడ్డంగా రెండు గీతలు కొట్టి, దానిమీద తన చెప్పు విప్పి పెట్టాడు.

"బాబూ, ఆ చెప్పు మీద కూకుని తోలతావేటి?" అన్నాడు.

కుర్రాడు చాలాసేపు ఆ చెప్పు వంకే చూస్తూ నిలబడ్డాడు.

* * *

మేస్త్రీ దగ్గర ఆ పూట విన్నవి కొన్ని ఇక్కడ రాయకపోతే నాకు తోచదు. ఇలాంటి పనులు చేసేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. సినిమా వార్తలు తర్వాతైనా చదువుకోవచ్చు.

అసలు ఒకదాని బాడీ ఇంకోదానికి పెట్టే మాట ఎత్తాలంటే కింద నిచ్చెనలాంటి ఛాసీ విడిగా ఉండాలి. జీపులకి, లారీలకి, పికప్‌లకి ఉంటుంది. మారుతి 800 లాంటి కార్లకి బాడీయే ఛాసీ. దాన్ని విడదియ్యడమంటే మనిషిని విడదియ్యడమే. ఛాసీ ఉన్నచోట కూడా బాడీని దానికి వెల్డింగు పెట్టి అతికించకూడదు. మధ్యన లావుపాటి రబ్బరు బుష్షులుండి, బోల్టులు బిగించాలి. గోతిలో పడ్డప్పుడు ఛాసీ మెలితిరుగుతుంది. తిరగాలి కూడా. బాడీని అతికించేస్తే ఆ మెలికంతా వెల్డింగు మీద పడి ఆర్నెల్లలో చీలుతుంది. ఛాసీకి బెజ్జం వెయ్యాల్సొస్తే నిలువు రేకుకే వెయ్యాలి. పై అంచుకీ కింది అంచుకీ డ్రిల్లు తాకించకూడదు. బరువు పడ్డప్పుడు లాగుడంతా ఆ అంచుల మీదే ఉంటుంది మరి.

ఆ తర్వాత స్టీరింగు రాడ్డు. పాత బాడీలో స్టీరింగు ఒక కోణంలో దిగుతుంది, కొత్త ఛాసీ మీద స్టీరింగు బాక్సు ఇంకోచోట ఉంటుంది. మధ్యలో జాయింట్లు వేసి కలపాలి. ఆ జాయింటుకి వెల్డింగు పెట్టేవాడి చేతిలో ఉంటుంది మీ ప్రాణం. బ్రేకు పెడలూ అంతే. జాయింట్ రాడ్డు కోణం మారితే అదొక ఒణుకు. రేడియేటరు పెద్దది, ముక్కు చిన్నది. ఫోర్‌వీల్ గేరు కర్రకి ఫ్లోరులో కన్నం ఎక్కడ కొట్టాలో అదొక తంటా. కోతలు పది రోజుల్లో అయిపోతాయి. ఈ సర్దుళ్ళే సంవత్సరం తింటాయి. అమెరికాలో కూడా సగం మంది ఇళ్ళ వెనక ఇలాంటి బళ్ళు సగంలో ఆగిపోయి గడ్డి మొలుస్తూ ఉంటాయంటే నేను ఆశ్చర్యపోను.

ఎత్తు సంగతి. దీనికి లెక్క చాలా తేలిక. బండి చక్రాల మధ్య వెడల్పు 52 అంగుళాలు, బండి బరువంతా ఒక బిందువులో ఉందనుకుంటే ఆ బిందువు నేల నుంచి 26 అంగుళాల ఎత్తున ఉందనుకోండి. ఇవి లెక్కకోసం అనుకున్న అంకెలే. అప్పుడు బండి పక్కకి 45 డిగ్రీలు వాలేదాకా పడదు. అదే బరువు 34 అంగుళాల ఎత్తుకి లేపండి, 37 డిగ్రీలకే పడుతుంది. పెద్ద హౌసింగులు వేసి వెడల్పు 60కి పెంచితే మళ్ళీ 41కి వస్తుంది. అంటే పెద్ద ఛాసీ వెయ్యడం వల్ల ఎత్తు చేసిన అపకారంలో సగం వెడల్పు సర్దుతుందన్నమాట. కమాన్ కట్టల కింద ఇనపదిమ్మలు పెట్టి ఎత్తు లేపి మురిసిపోయేవాళ్ళకి ఆ సగం కూడా లేదు. ఈ డిగ్రీలన్నీ బండి ఆగి ఉన్నప్పటివి. మలుపులో వేగంగా తిప్పితే ఇంకా ముందే పడుతుంది.

కెమెరా బండి అంటే తొట్టిలో ఎవరుంటారు? కెమెరామన్, అసిస్టెంటు, ఇద్దరు లైట్‌బాయిలు, రిఫ్లెక్టరు పట్టుకునేవాడు. అందరూ నిలబడే ఉంటారు. బరువు ఇంకా పైకి పోతుంది. ఒక పక్క కాలవ, ఒక పక్క చేను, మధ్యలో పది అడుగుల గట్టు. డైరెక్టరుగారు "ఇంకొంచెం స్పీడు!" అంటారు. లేదా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించాలి, పంటు కాస్త ఒరుగుతుంది. కుర్రాడు అద్దె లెక్కలన్నీ వేసుకున్నాడు గానీ, తొట్టిలో నిలబడ్డ ఆ ఐదుగురిని లెక్కలో వేసుకోలేదు. నేను అడిగితే, "ఆళ్ళు పట్టుకుంటారు కదండీ" అన్నాడు. రోజుకూలీ లైట్‌బాయి దేన్ని పట్టుకుంటాడు, రిఫ్లెక్టరునా?

* * *

పట్టుదలగలవాడు ఇన్ని కష్టాలకీ జడవడనుకోండి. అప్పుడు బ్రేకినస్పెక్టరు ఉన్నాడు.

మనదేశంలో లారీ కథ వేరు. కంపెనీవాడు ఒట్టి ఛాసీ అమ్ముతాడు. ఎండలో తలకి తువ్వాలు చుట్టుకుని, క్యాబిన్ లేని ఛాసీ మీద చెక్కసీటు వేసుకుని వందల మైళ్ళు తోలుకొచ్చే డ్రైవర్లని హైవే మీద చూసే ఉంటారు. దాన్ని విజయవాడ ఆటోనగర్లోనో మరోచోటో పెట్టి బాడీ కట్టించుకుంటాం. అది చట్టం ఒప్పుకున్న పని. ఆ అలవాటు చూసే మనవాళ్ళు ఏ బండికైనా ఏ బాడీ అయినా పెట్టొచ్చనుకుంటారు. కాదు! 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, సి.బుక్కులో ఉన్న వివరాలు కంపెనీ చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టం సవరించి, అనుమతిలేని ఒక్కొక్క మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలలదాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. ఒక్కొక్క మార్పుకి! మన కుర్రాడి బండిలో ఎన్ని మార్పులో మీరే లెక్కపెట్టుకోండి.

ఇంకో చిక్కు. నంబరు కొట్టి ఉండేది ఛాసీ మీద. అంచేత సర్కారు లెక్కలో ఆ బండి ఎప్పటికీ బొలెరోయే, పైన ఏస్ మొహం ఉన్నా సరే. రోడ్డు మీద ఆపినప్పుడు కాగితం ఒకటి చెబుతుంది, కళ్ళు ఒకటి చెబుతాయి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు కాగితం చదువుతారు.

మరి సినిమావాళ్ళకెలా కుదిరిందంటారా? సినిమా బండి రోడ్డు మీద తిరగడానికి పుట్టదు. ట్రెయిలరు మీద వస్తుంది, తాళ్ళు కట్టి ఖాళీ చేసిన జాగాలో నాలుగు ఫర్లాంగులు నడుస్తుంది, మళ్ళీ ట్రెయిలరు ఎక్కుతుంది. పక్కన మెకానిక్కులు కాపలా ఉంటారు. మన కుర్రాడి బండి మాత్రం పొద్దున్న షూటింగుకి, సాయంత్రం అంబాజీపేటకి వెళ్ళాలి. అక్కడ తేడా వస్తుంది.

* * *

ఈ మాటలన్నీ వాళ్ళ నాన్నగారి దగ్గర కూర్చుని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆయన తోటలో దింపు తీయిస్తున్నారు. నాకో బొండం కొట్టించి ఇచ్చి, మొత్తం విని, ఒకే ప్రశ్న అడిగారు.

"ఇంతకీ పడిపోద్దాండీ, పడిపోదాండీ?"

"గట్టు మీద మనుషుల్ని నిలబెట్టి తోలితే పడొచ్చండి" అన్నాను.

"అయితే కాయితాలు బీరువాలోనే ఉంటాయండి" అన్నారాయన. అంతే, బ్యాంకు సంగతి అక్కడితో ఆఖరు.

కుర్రాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోరోజు ఫోన్ చేశాడు. గొంతులో పాత హుషారే! ఫ్యాక్టరీలోనే ఫోర్‌వీల్‌గా తయారైన పికప్‌లు ఉన్నాయి కదా అని వాకబు మొదలెట్టాడట. బొలెరో క్యాంపర్లో అలాంటి రకం వచ్చింది. ఇసుజువాళ్ళ వి-క్రాస్ అయితే 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారైంది. పాతది ఏదైనా దొరికితే, బండిని ఎక్కడా కొయ్యకుండా, తొట్టిలో బోల్టులతో బిగించి పని అయ్యాక విప్పేసే ఇనపచట్రం చేయిస్తాడట. నిలబడేవాళ్ళకి చుట్టూ నడుమెత్తు కడ్డీలు, బెల్టులు. మేస్త్రీ ఈసారి సుద్దముక్క తీసుకుని తల ఊపాడని చెప్పాడు. అయినా ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి రమ్మన్నాను. వెళ్ళాడో లేదో ఇది రాసేనాటికి తెలీదు. డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడనేది ఇంకో ప్రశ్న. తోట మీద మాత్రం కాదు.

పాత ఏస్ బాడీకి ఇంకో యోగం పట్టేలా ఉంది. ఏదో యూనిట్ మేనేజరు కంటపడి, క్లైమాక్సులో పేల్చడానికి పనికొస్తుందని బేరం పెట్టాడు. కుర్రాడికి ఒకటే ఆనందం. వాళ్ళ బండి తెర మీద లేస్తుంది కదా, సుమోలా! నాన్నగారు మాత్రం నాకు స్వయంగా ఫోన్ చేసి, "పేల్చేసాక సి.బుక్కు ఏం చెయ్యాలండీ?" అని అడిగారు. బండి నాశనమైన పద్నాలుగు రోజుల్లోగా ఆర్టీవోకి రాసిచ్చి, పుస్తకం అప్పజెప్పి, రిజిస్ట్రేషను రద్దు చేయించుకోవాలని చెప్పాను. పేల్చేరోజు తేదీ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మని ఆయన మేనేజరుని అడుగుతున్నారట. బేరం ప్రస్తుతం అక్కడ ఆగింది.